వెన్న కాఫీతో 9 కిలోలు తగ్గా, చెడ్డ కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) మాత్రం 196కి ఎక్కి కూర్చుంది. ఎవరి మాట వినాలి?

కాఫీలో_వెన్న
అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఒక్క ముక్క రాసింది లేదు, ఇవాళ తప్పలేదు. వయసు 41, కుర్చీకి అతుక్కుపోయే పని. అయిదు నెలల కింద కీటో (పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్) మొదలెట్టా. పొద్దున కాఫీలో రెండు పెద్ద స్పూన్లు వెన్న, ఒక పెద్ద స్పూను కొబ్బరి నూనె వేసి మిక్సీలో నురగొచ్చేదాకా తిప్పి తాగడం, మధ్యాహ్నం గుడ్లూ చీజూ, రాత్రికి మాంసం, ఏదో ఒక ఆకుకూర. 9 కిలోలు తగ్గా. బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పెట్టుకున్నా. మధ్యాహ్నం మూడింటికి వచ్చే తూగు పోయింది. అంతా బ్రహ్మాండం అనుకుంటుంటే మొన్న రిపోర్ట్ వచ్చింది.

మొదలెట్టక ముందు: మొత్తం కొలెస్ట్రాల్ 196, ఎల్‌డీఎల్ 118, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 180.
ఇప్పుడు: మొత్తం 270, ఎల్‌డీఎల్ 196, హెచ్‌డీఎల్ 56, ట్రైగ్లిజరైడ్స్ 90.

డాక్టర్ గారు కాగితం చూసిన నలభై సెకన్లలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసేసి బయట ఇంకో పేషెంట్ పేరు పిలిపించారు. వెన్న ఆపితే తగ్గుతుందా సార్ అంటే "అన్నీ ఆపెయ్" అన్నారు, అన్నీ అంటే ఏంటో చెప్పలేదు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే సగం మంది వెన్న విషం అంటున్నారు, సగం మంది అమృతం అంటున్నారు. ఇక్కడ తెలిసినవాళ్లుంటే చెప్పండి, బుర్ర వేడెక్కిపోయింది.

కీటో_కింగ్
ముందు కంగ్రాట్స్ బ్రో, 9 కిలోలంటే మాటలు కాదు. రెండోది, భయపడకు. నీ ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించి చూడు, 4.3 ఉండేది 1.6 అయింది, అసలు చూడాల్సింది అదీ. ఈ శాచురేటెడ్ ఫ్యాట్ (వెన్న, మాంసం లాంటి వాటిలో ఉండే కొవ్వు) భయమంతా ఒక్క మనిషి పుట్టించింది, ఆన్సెల్ కీస్ అని మిన్నెసోటా ప్రొఫెసర్, 22 దేశాల డేటా ఉంటే తన థియరీకి సరిపోయే 7 తీసుకుని మిగతావి చెత్తబుట్టలో పడేశాడు. దాన్ని పట్టుకుని 1977లో అమెరికా సెనేట్ కమిటీ, 1980లో వాళ్ల డైటరీ గైడ్‌లైన్స్, ఇక ప్రపంచమంతా కొవ్వు తగ్గించి పిండీ చక్కెరా తినడం మొదలెట్టింది, ఫలితం మన పొట్టలే చెప్తున్నాయి. 2010లో 21 స్టడీలు కలిపి దాదాపు మూడున్నర లక్షల మందిని చూస్తే శాచురేటెడ్ ఫ్యాట్‌కీ గుండెజబ్బుకీ సంబంధం దొరకలేదు. 1961లో కీస్ ఫోటో కవర్ మీద వేసిన టైమ్ పత్రికే 2014లో వెన్న బొమ్మ వేసి తినమంది. పైగా చక్కెర కంపెనీల సంఘం 1967లో హార్వర్డ్ వాళ్లకి డబ్బులిచ్చి తప్పంతా కొవ్వు మీదికి నెట్టించిందని 2016లో కాగితాలతో సహా బయటపడింది. ఇంకేం కావాలి? కాఫీ తాగు, హాయిగా పడుకో.

ఊరికే_చదువుతా
కాఫీ తాగి హాయిగా ఎలా పడుకుంటాడు గురూ

ఇంకోటి, మీ పాత మొత్తం కొలెస్ట్రాల్ ఎంతో కొత్త ఎల్‌డీఎల్ కరెక్ట్‌గా అంతే ఉంది, ల్యాబ్ వాళ్లు కాలమ్ ఏమన్నా మార్చేశారా

కాఫీలో_వెన్న
నాకూ అదే డౌట్ వచ్చి మళ్లీ కలిపి చూశా అండీ. 196, 56, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు 18, మొత్తం 270. సరిపోయింది, పొరపాటైతే బాగుండు అనుకున్నా.

లెక్కల_పంతులు
కీటో_కింగ్ గారూ, ఆ 22 దేశాల కథ ఇక్కడ నెలకోసారి వస్తుంది కాబట్టి ఈసారి కాస్త వివరంగా రాస్తా, ఓపిక పట్టండి.

మీరు రెండు వేరే వేరే పేపర్లని ఒకటిగా కలిపేశారు. 1953లో కీస్ ఒక చిన్న గ్రాఫ్ వేశాడు, దాంట్లో ఉన్నవి 6 దేశాలు. దాని మీద 1957లో యెరుషల్మీ, హిల్లెబో అనే ఇద్దరు 22 దేశాల అంకెలతో విమర్శ రాశారు, ఆ విమర్శ న్యాయమైనదే, అన్నీ కలిపితే సంబంధం బాగా పల్చబడింది. పల్చబడింది గానీ మాయమైపోలేదు. సెవెన్ కంట్రీస్ స్టడీ అనేది ఆ తర్వాత 1958లో కొత్తగా మొదలైంది. అది ఎవరో రాసిపెట్టిన అంకెలు కాపీ కొట్టింది కాదు, 40 నుంచి 59 ఏళ్ల మగవాళ్లు 12,763 మందిని ఊరూరా వెళ్లి పరీక్ష చేసి ఏళ్ల తరబడి వెంట తిరిగింది. దేశాలని లాటరీ తీసి ఎంచుకోలేదు, తెలిసిన డాక్టర్లు ఉన్నచోటికి, పని జరిగేచోటికి వెళ్లారు, అది లోపమే, ఒప్పుకుంటా. ఆడవాళ్లని చూడనే లేదు, అదింకో లోపం.

కానీ ఆ స్టడీలో మీకు నచ్చే విషయం ఒకటుంది, మీ వైపు వాళ్లెవరూ చెప్పరు ఎందుకో. గ్రీసులో క్రీట్ దీవి వాళ్లు తినే కేలరీల్లో దాదాపు 40 శాతం కొవ్వే. గుండెజబ్బు మాత్రం అతి తక్కువ. తూర్పు ఫిన్లండ్ వాళ్లూ కొవ్వు బాగా తినేవాళ్లే, అక్కడ మాత్రం గుండెపోట్లు కుప్పలు తెప్పలు. తేడా ఎక్కడంటే క్రీట్‌లో ఆలివ్ నూనె, ఫిన్లండ్‌లో వెన్న, మీగడ తియ్యని పాలు. అంటే కొవ్వంతా చెడ్డదని కీస్ స్టడీయే చెప్పలేదు.

చక్కెర సంఘం డబ్బులిచ్చింది నిజమే, అప్పట్లో ఆరున్నర వేల డాలర్లు. సిగ్గుచేటు. కానీ ఒక దొంగ ఇంకో దొంగ మీద చాడీ చెప్పినంత మాత్రాన ఆ రెండోవాడు దొర అయిపోడు కదా.

కీటో_కింగ్
బాగానే చెప్పారు గానీ పంతులుగారూ, చాడీల సంగతి వదిలేయండి, అసలైన ట్రయల్ గురించి మాట్లాడదాం. మిన్నెసోటా కరోనరీ ఎక్స్‌పెరిమెంట్, 1968 నుంచి 73 దాకా, 9 వేల మందికి పైగా. ఒక గుంపుకి మామూలు తిండి, ఇంకో గుంపుకి వెన్నా జంతు కొవ్వూ తీసేసి మొక్కజొన్న నూనె. కొలెస్ట్రాల్ దాదాపు 14 శాతం పడిపోయింది. చావులు తగ్గాయా? తగ్గలేదు! ఆ డేటాలో చాలా భాగం నలభై ఏళ్లు ఒక ఇంటి బేస్‌మెంట్‌లో డబ్బాల్లో పడి ఉంటే 2016లో తీసి మళ్లీ లెక్కేశారు. సిడ్నీలో 458 మంది మగవాళ్లతో చేసిన ట్రయల్‌లో కుసుమ నూనెకి మారినవాళ్లే ఎక్కువ పోయారు, అదీ 2013లో మళ్లీ లెక్కేసి చూపించారు. దీనికి సమాధానం చెప్పండి.

నైట్‌డ్యూటీ
డ్యూటీ దిగి బస్సులో టైప్ చేస్తున్నా, అక్షరదోషాలు చూసీచూడనట్టు వదిలేయండి. నేను గుండె వార్డులో నర్సుని, డాక్టర్ని కాదు, అది ముందే చెప్తున్నా.

ట్రయల్స్ గొడవ పంతులుగారు చూసుకుంటారు. నేను మనిషి లోపల ఏం జరుగుతుందో చెప్తా. లివర్ మీద ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి లోపలికి లాక్కునే రిసెప్టర్లు ఉంటాయి, తలుపులనుకోండి. ఎక్కువ తలుపులు తెరుచుంటే ఎల్‌డీఎల్ త్వరగా లోపలికెళ్లిపోతుంది, తక్కువుంటే రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది, అలా తిరిగీ తిరిగీ రక్తనాళం గోడలో ఇరుక్కుంటుంది. ఈ రిసెప్టర్ సంగతి కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ ఇచ్చారు. శాచురేటెడ్ ఫ్యాట్ ఎక్కువైతే ఆ తలుపులు తగ్గుతాయి. స్టాటిన్ వేస్తే లివర్ తన సొంత కొలెస్ట్రాల్ తయారీ తగ్గించుకుని ఎక్కువ తలుపులు తెరుస్తుంది. మీ రిపోర్ట్‌లో 118 నుంచి 196 అయిందంటే చాలామటుకు ఈ తలుపుల కథే అయ్యుంటుంది.

ఎల్‌డీఎల్ లెక్కలోది కాదు అనేవాళ్లకి ఒకటే చెప్తా. పుట్టుకతోనే ఆ రిసెప్టర్ జీన్ రెండు కాపీలూ చెడిపోయిన పిల్లలుంటారు, వాళ్లు సిగరెట్ తాగలేదు, షుగర్ లేదు, టెన్షన్ లేదు, ఎల్‌డీఎల్ ఒక్కటే ఆకాశంలో ఉంటుంది. పదేళ్లు నిండకుండా గుండెపోటు వచ్చిన పిల్లలున్నారు వాళ్లలో. దానికి ఎదురుగా, ఇంకో జీన్ తేడా వల్ల పుట్టినప్పట్నుంచీ ఎల్‌డీఎల్ తక్కువగా ఉండేవాళ్లున్నారు, 2006లో అలాంటి వాళ్లని చూస్తే ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ. వాళ్లేం డైట్ చెయ్యలేదు, ఏ కంపెనీ వాళ్లకి డబ్బులివ్వలేదు.

కాఫీలో_వెన్న గారూ, మీకు పాతది 118 ఉంది కాబట్టి పుట్టుకతో వచ్చేది కాకపోవచ్చు, అయినా 190 దాటితే ఇంట్లో చిన్న వయసులో ఎవరికన్నా గుండెపోటు వచ్చిందా అని అడగాల్సిందే, అడిగారా మిమ్మల్ని? థైరాయిడ్ టెస్ట్ చేయించారా? అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. బరువు గబగబా తగ్గుతున్నప్పుడు కూడా ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఇక్కడ మేం చెప్పామని మందు మానకండి, వేసుకోకండి కూడా. ఇంకో డాక్టర్ దగ్గర పావుగంట కూర్చోండి.

కాఫీలో_వెన్న
అక్కా థాంక్స్. ఇంట్లోవాళ్ల గురించి డాక్టర్ అడగలేదు. మా బాబాయికి 52కి స్టెంట్ వేశారు, ఆయన సిగరెట్లు పెట్టెలకి పెట్టెలు తాగేవాడు కాబట్టి అది లెక్కలోకి తీసుకోలేదు నేను. థైరాయిడ్ కూడా ఎవరూ చూడలేదు.

లెక్కల_పంతులు
మిన్నెసోటా గురించి. ఆ ట్రయల్ నాకిష్టం, ఎందుకంటే అంత పెద్దది, అంత జాగ్రత్తగా వంటగదిని కంట్రోల్ చేసింది మళ్లీ రాలేదు. కానీ జరిగింది ఎక్కడ? మానసిక ఆసుపత్రుల్లో, ఒక వృద్ధాశ్రమంలో. జనం వస్తుంటారు పోతుంటారు. 9 వేల చిల్లర మందిలో ఏడాదికి పైగా ఆ తిండి మీద ఉన్నవాళ్లు 2,355 మందే. రక్తనాళం గోడలో పూడిక పేరుకోవడానికి పదులకొద్దీ ఏళ్లు పడుతుంది, ఏడాదో రెండేళ్లో నూనె మారిస్తే చావుల్లో తేడా కనపడాలంటే ఎలా? రెండోది, ఆ రోజుల్లో నూనెతో పాటు మార్జరీన్ (నూనెతో చేసే వెన్న లాంటిది) కూడా పెట్టేవాళ్లు, సిడ్నీలోనూ అంతే. మార్జరీన్ అంటే అప్పట్లో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెని గట్టిపరిచేటప్పుడు పుట్టే కొవ్వు) ముద్ద. అది ఏ గుంపులో ఎంత పోయిందో ఇప్పుడు విడదీయడం కుదరదు. కాబట్టి ఆ రెండూ పట్టించుకోవద్దు అనను, వాటితో వెన్న అమాయకురాలని తేల్చేయకండి అంటాను.

ఇక మీ 2010 పేపర్, మూడున్నర లక్షల మంది. దాంట్లో అడిగిన ప్రశ్న చూడండి: ఎక్కువ తిన్నవాళ్లకీ తక్కువ తిన్నవాళ్లకీ తేడా ఉందా? తక్కువ తిన్నవాళ్లు దాని బదులు ఏం తిన్నారు అని అడగలేదు. మనిషి రోజుకి రెండు వేల కేలరీలు తింటాడనుకుందాం, వెన్న తీసేస్తే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు, ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. తెల్ల బ్రెడ్డూ బిస్కెట్టూ కూర్చుంటే గుండెకి ఒరిగేది ఏమీ లేదు. నూనెగింజలు, చేపలు, ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె లాంటివి కూర్చుంటే తేడా వస్తుంది. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు మంచి ట్రయల్స్ నాలుగు ఏరి చూపించింది ఇదే, బహుళ అసంతృప్త (పాలీఅన్‌శాచురేటెడ్, పొద్దుతిరుగుడు లాంటి) నూనెలతో మారిస్తే దాదాపు 30 శాతం తగ్గుదల. నాలుగే ఏరారేంటి అని మీరు అడుగుతారు, అడగండి, సబబే. అందుకే నేను 2020 కాక్రేన్ (వైద్య ట్రయల్స్ అన్నీ కలిపి తూచే సంస్థ) రివ్యూ పట్టుకుంటా, వాళ్లు ఏరుకోరు: 15 ట్రయల్స్, యాభై వేల మందికి పైగా, కనీసం రెండేళ్లు శాచురేటెడ్ తగ్గిస్తే గుండెపోటు పక్షవాతం లాంటివన్నీ కలిపి 17 శాతం తక్కువ. మొత్తం చావుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండో వాక్యం దాచే వాళ్లంటే నాకు పడదు, అందుకే నేనే రాస్తున్నా.

ఊరికే_చదువుతా
బహుళ అసంతృప్త నూనె అంటే మా మేనేజరే గుర్తొస్తున్నాడు

పాతకాపు
బాబూ నాకు 67. రెండు స్టెంట్లు. మీరందరూ పేపర్ల పేర్లు చెప్తున్నారు, నేను ఆ పేపర్ల మధ్యలో బతికినవాణ్ణి.

మా ఇంట్లో ఒక రోజు వెన్న గిన్నె మాయమైపోయింది. డాక్టరు చెప్పాట్ట, పత్రికలో వచ్చిందట. దాని బదులు పసుప్పచ్చటి ప్లాస్టిక్ డబ్బాలో మార్జరీన్ వచ్చింది, మూత మీద గుండె బొమ్మ. బ్రెడ్ మీద కత్తితో రాస్తే వెన్నలా కరగదు, జిడ్డుగా అలా నిలబడి ఉంటుంది, నాలిక మీద మైనం పూసినట్టుండేది. ఆరోగ్యం కదా అని దాదాపు ఇరవై ఏళ్లు తిన్నాం. పిల్లలకీ అదే పెట్టాం. 1990లో నెదర్లాండ్స్ వాళ్లు తేల్చారు, అందులోని ట్రాన్స్ ఫ్యాట్ చెడ్డ కొలెస్ట్రాల్ పెంచడమే కాదు మంచిది కూడా తగ్గిస్తుందని. వెన్న అయితే కనీసం ఆ రెండో పని చెయ్యదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం అన్నమాట. డెన్మార్క్ 2003లో కట్టడి చేసింది, అమెరికాలో 2015లో తేల్చి 2018 దాకా టైమిచ్చారు. అప్పటికి నా స్టెంట్లు పడిపోయాయి.

నేను సిగరెట్ కూడా తాగాను పదిహేనేళ్లు, కాబట్టి అంతా ఆ డబ్బా మీదే నెట్టను. కానీ అప్పుడు అంత నమ్మకంగా చెప్పినవాళ్లు ఎవరూ తర్వాత వచ్చి పొరపాటైంది అనలేదు. అందుకే ఇప్పటి కుర్రాళ్లు డాక్టర్ల మాట వినకపోతే నాకు కోపం రాదు. భయం వేస్తుంది.

కీటో_కింగ్
పెద్దాయనా దండం. నేను చెప్పేది కూడా ఇదే కదా, నిపుణులు ఒకసారి ముంచారు, రెండోసారి ఎందుకు నమ్మాలి?

నైట్‌డ్యూటీ
ట్రాన్స్ ఫ్యాట్ చెడ్డదని కనిపెట్టింది కూడా ఆ నిపుణులే కీటో_కింగ్. యూట్యూబ్ వాళ్లు కాదు. ఏ కొలతతో ట్రాన్స్ ఫ్యాట్‌ని పట్టుకున్నారో, అంటే ఎల్‌డీఎల్, ఆ కొలతే మీరు ఇప్పుడు వద్దంటున్నారు. మార్జరీన్ దగ్గర పనికొచ్చిన త్రాసు వెన్న దగ్గరికొచ్చేసరికి తప్పు తూస్తుందా?

కీటో_కింగ్
అలా కాదు, ఎల్‌డీఎల్ పార్టికల్ (రేణువు) సైజు అని ఒకటుంటుంది, పెద్ద పార్టికల్స్ అయితే...

నైట్‌డ్యూటీ
పెద్దవైనా గోడలో ఇరుక్కుంటాయి. సైజు కాదు, ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం. అది తెలియాలంటే అపోబీ టెస్ట్ చేయించుకోండి, ఒక్కో పార్టికల్‌కి ఒక్క అపోబీ అనే ప్రొటీన్ ఉంటుంది, లెక్క తేలిపోతుంది. మీది చేయించుకున్నారా ఎప్పుడైనా?

కీటో_కింగ్
నాది పర్సనల్

మోడరేటర్
రిపోర్టులు చూపించమని ఒకరినొకరు రెచ్చగొట్టుకోకండి. మధ్యలో ఇద్దరు ఒకరి బరువు గురించి ఒకరు రాసుకున్న నాలుగు పోస్టులు తీసేశా. థ్రెడ్ బాగా నడుస్తోంది, పాడు చెయ్యకండి.

బేకరీవెనక
ఇన్నాళ్లు చదివి ఊరుకున్నా గానీ మార్జరీన్ మాట వచ్చాక ఆగలేకపోయా. నేను పెద్ద బేకరీలో ప్రొడక్షన్‌లో పన్నెండేళ్లుగా చేస్తున్నా. బయట మీరు చదివేది వేరు, లోపల మేం చూసేది వేరు.

పఫ్ పేస్ట్రీకి పిండి మధ్యలో కొవ్వు పలక పెట్టి మడిచి, ఒత్తి, మళ్లీ మడిచి, అలా పదుల కొద్దీ పొరలు చేస్తాం. ఆ కొవ్వు గట్టిగా ఉండాలి, విరగకూడదు, కరగకూడదు. వెన్న 32, 35 డిగ్రీలకే కరిగిపోతుంది, ఏసీ పదినిమిషాలు పోతే చాలు పొరలన్నీ కలిసిపోయి ట్రేలన్నీ చెత్తలోకి. ఇదివరకు ట్రాన్స్ ఫ్యాట్ ఉన్నది వాడేవాళ్లం, ఎంత వేడిలోనైనా బండలా నిలబడేది. అది తీసెయ్యమన్నాక ఏం వచ్చిందనుకుంటున్నారు? పామాయిల్ బ్లెండ్. అందులో సగం శాచురేటెడే. గది వేడిలో గట్టిగా ఉండాలంటే శాచురేటెడ్ అన్నా ఉండాలి, ట్రాన్స్ అన్నా ఉండాలి, మూడో దారి మాకు పెద్దగా లేదు. తిన్నాక అంగిలికి ఒక పొర అంటుకుంటుంది చూడండి, అది అదే, పాతకాపు గారు మైనం అన్నది ఊరికే అనలేదు, అది ఒంటి వేడికి కరగదు.

ఇక లో ఫ్యాట్ బిస్కెట్ సంగతి. కొవ్వు తీస్తే అది అట్టముక్క. అట్టముక్క ఎవరూ కొనరు. కాబట్టి చక్కెర పెంచుతాం, స్టార్చ్ కలుపుతాం, ప్యాకెట్ మీద లో ఫ్యాట్ అని పెద్ద అక్షరాలు. పంతులుగారు ఖాళీ ఖాళీగా ఉండదు అన్నారే, ఆ ఖాళీని నింపే ఉద్యోగం మాది.

ఇంకో చిన్న మాట. ప్యాకెట్ మీద శాచురేటెడ్ ఫ్యాట్ అంకె చూసేటప్పుడు పక్కనే వడ్డింపు ఎంతని రాశారో చూడండి. రెండు బిస్కెట్లకి రాస్తారు. రెండే తిని ప్యాకెట్ మడిచి పెట్టేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

లెక్కల_పంతులు
ఈ థ్రెడ్‌లో బెస్ట్ పోస్ట్ ఇది. 2006లో అమెరికాలో 48,835 మంది ఆడవాళ్లతో చేసిన లో ఫ్యాట్ ట్రయల్ ఎనిమిదేళ్లు నడిచి గుండెజబ్బులో చెప్పుకోదగ్గ తేడా ఎందుకు చూపించలేదో చాలామంది తలలు పట్టుకున్నారు, అందులో మంచి కొవ్వూ చెడ్డ కొవ్వూ అన్నీ కలిపి తగ్గించమన్నారు మరి.

కీటో_కింగ్
చూశారా! లో ఫ్యాట్ ఫెయిల్. 2017లో 18 దేశాల్లో 1,35,000 మందిని చూసిన స్టడీలో కూడా పిండిపదార్థాలు ఎక్కువ తిన్నవాళ్లే ఎక్కువ పోయారు, కొవ్వు తిన్నవాళ్లు కాదు.

లెక్కల_పంతులు
లో ఫ్యాట్ ఫెయిల్ అనే మాట నేనే చెప్తున్నా కదా స్వామీ, మీరు నాతో పోట్లాడుతూ నాతో ఏకీభవిస్తున్నారు. ఆ 18 దేశాల్లో కేలరీల్లో డెబ్భై ఎనభై శాతం పిండి మీదే బతికేవాళ్లు ఎవరు? ఇంకేదీ కొనలేనివాళ్లు. వాళ్లు చనిపోయేది పిండి వల్లా, ఆసుపత్రి దూరమవ్వడం వల్లా? ఊరికే వెంట తిరిగి చూసే స్టడీలతో వచ్చే చిక్కే ఇది, మీ పార్టీకైనా మా పార్టీకైనా. ఇందాక కీస్‌కి దేశాల పోలిక చెల్లదన్నారు, ఇప్పుడు అదే పోలిక మీకు ముద్దొచ్చింది.

కర్బనగొలుసు
కెమిస్ట్రీ వాసన ఉన్న ఒక పోస్ట్, నచ్చనివాళ్లు దాటేయండి.

శాచురేటెడ్ ఫ్యాట్ అని ఒక్క వస్తువు లేదు. కర్బన పరమాణువుల గొలుసు పొడవుని బట్టి మారుతుంది. 12 ఉంటే లారిక్, 14 మిరిస్టిక్, 16 పామిటిక్, ఈ మూడూ ఎల్‌డీఎల్ పెంచుతాయి. 18 ఉన్న స్టియరిక్ దాదాపు ఏమీ చెయ్యదు, లివర్ దానిలో కొంత ఒలియిక్‌గా (ఆలివ్ నూనెలో ఉండేది) మార్చేసుకుంటుంది, కోకో వెన్నలో ఇది బాగా ఉంటుంది కాబట్టి చాక్లెట్ ప్రియులు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు, కొంచెమే. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్. కీటో వాళ్లు ఎంసీటీ (మధ్యస్థ పొడవు గొలుసు కొవ్వు) అంటూ మోసేది నిజానికి 8, 10 పొడవు గొలుసులు, అవి నేరుగా లివర్‌కి వెళ్లి ఖర్చైపోతాయి, నిజమే, కానీ కొబ్బరి నూనెలో అవి ఉండేది ఏడో వంతు అటూఇటూ. మిగతా దానికి వాటి పేరు పెట్టి అమ్ముతున్నారు.

రెండోది, ఏ తిండిలో ఉందన్నది కూడా లెక్కలోకొస్తుంది. అంతే కొవ్వు చీజ్ రూపంలో పెట్టి, వెన్న రూపంలో పెట్టి చూసిన ట్రయల్స్‌లో వెన్నే ఎల్‌డీఎల్‌ని ఎక్కువ పెంచింది. చీజ్‌లో క్యాల్షియం కొంత కొవ్వుని పట్టుకుని బయటికి పంపేస్తుందని ఒక వాదన, పాలకొవ్వు చుట్టూ ఉండే పొర చీజ్‌లో మిగిలి వెన్న చిలికేటప్పుడు చిరిగిపోతుందని ఇంకోటి. రెండూ కొంత నిజం కావచ్చు.

ఇప్పుడు మన ఓపీ (థ్రెడ్ మొదలెట్టినాయన) కప్పు. పెద్ద స్పూను వెన్నలో 7 గ్రాముల శాచురేటెడ్, రెండంటే 14. పెద్ద స్పూను కొబ్బరి నూనెలో 12 దాకా. మొత్తం 26. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో కూడా కేలరీల్లో పదో వంతు దాటొద్దనే చెప్పింది, రెండు వేల కేలరీలకి అది 22 గ్రాములు. అన్నా, నువ్వు పొద్దున ఎనిమిదింటికి, పళ్లెం ముందు కూర్చోకుండానే, ఒక్క కప్పుతో రోజు కోటా దాటేశావు. ఆ తర్వాత గుడ్లూ చీజూ మాంసం. ఒక గుడ్డులో ఒకటిన్నర గ్రామే, పాపం గుడ్డు ఈ కథలో ప్రేక్షకుడు.

కాఫీలో_వెన్న
ఇరవై ఆరా?? నేను ఇన్నాళ్లు మాంసం వల్లేమో అని ముక్కలు తగ్గించుకుంటూ వచ్చా. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని.

సరే ఒక పని చేస్తా. పిండి పదార్థాలు ఇప్పుడున్నట్టే తక్కువ ఉంచుతా, ఎందుకంటే దానివల్లే నాకు బరువు తగ్గింది, అది వదులుకోను. కప్పు ఒక్కటి మారుస్తా, బ్లాక్ కాఫీ. ఆ కేలరీలకి ఆలివ్ నూనె, బాదం, వాల్‌నట్స్, వారానికి మూడుసార్లు చేప. చీజ్ ఉంచుతా. ఇంకో డాక్టర్‌ని కలిసి ఎనిమిది వారాలకి మళ్లీ టెస్ట్. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు కదా.

లెక్కల_పంతులు
ఎనిమిది వారాలు సరిపోతుంది, ఎల్‌డీఎల్ తిండికి త్వరగానే స్పందిస్తుంది. అదే ల్యాబ్‌లో, వీలైతే అదే టైంకి ఇవ్వండి.

పాతకాపు
బాబూ రిజల్ట్ వచ్చాక వచ్చి చెప్పు. ఇక్కడ అందరూ ప్రశ్న వేసి మాయమైపోతారు.

కాఫీలో_వెన్న
తొమ్మిది వారాలైంది, ఒక వారం లేటు, జలుబు చేస్తే తగ్గేదాకా ఆగమన్నారు. మాయం కాలేదు తాతగారూ.

మొత్తం 208, ఎల్‌డీఎల్ 132, హెచ్‌డీఎల్ 54, ట్రైగ్లిజరైడ్స్ 110. బరువు ఇంకో కిలో తగ్గింది. థైరాయిడ్ నార్మల్. కొత్త డాక్టరమ్మ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు, బాబాయి వయసు రాసుకున్నారు, బీపీ చూశారు, మాత్ర ఇప్పుడే వద్దు గానీ మూడు నెలల తర్వాత అపోబీ కూడా కలిపి చేయిద్దాం, అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం అన్నారు. మొదటి డాక్టర్ రాసిన చీటీ పర్సులోనే ఉంది, పారెయ్యలేదు.

మొదటి పది రోజులు బ్లాక్ కాఫీ కషాయంలా ఉండేది. ఇప్పుడు అలవాటైంది.

కీటో_కింగ్
చూశారా కార్బ్స్ పెంచలేదు, బరువు పెరగలేదు, ట్రైగ్లిజరైడ్స్ ఇంకా బాగానే ఉన్నాయి. నేను చెప్పిందే కదా

నైట్‌డ్యూటీ
మీరు చెప్పింది కాఫీ తాగి పడుకోమని.

132 అంటే మొదట్లో ఉన్న 118 కన్నా ఇంకా ఎక్కువే, అది మర్చిపోవద్దు. కానీ ఒక కప్పు మారిస్తే 64 తగ్గడం చిన్న విషయం కాదు, అందరికీ ఇంత తగ్గదు కూడా, కొందరి ఒళ్లు వెన్నకి బాగా ఊగిపోతుంది, కొందరిది కదలదు. మీది ఊగే రకం. బాబాయి సంగతి కాగితం మీదికెక్కింది, నాకు అది చాలు.

కీటో_కింగ్
ఓకే ఓకే. నేనూ అపోబీ ఇచ్చొచ్చా నిన్న. రిపోర్ట్ గురువారం వస్తుంది. ఎవరూ అడగొద్దు.

ఊరికే_చదువుతా
గురువారం అందరం ఇక్కడే ఉంటాం బ్రో

మరి ఓపీ గారూ, ఆ మిగిలిన కొబ్బరి నూనె డబ్బా ఏం చేశారు

కాఫీలో_వెన్న
తలుపు బందులకి పూస్తున్నా. కిర్రుమనడం ఆగింది.